పడవలో సింకు మారుస్తున్నారా? ముందు చెక్క అంచు చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పడవల వాళ్లవే ఎక్కువ, అందులోనూ దాదాపు అన్నీ వంటగది సింకు గురించే. అందుకని పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, మిగతా వాళ్లు కూడా అది చదవండి, అక్కడ చెప్పింది కింద మళ్లీ చెప్పను.

ప్రశ్న: సియాటెల్‌లో షిల్‌షోల్ బే మెరీనాలో మాకు 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోట్ ఉంది. 1980ల నాటిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. వంట చేసుకునే గ్యాలీలో స్టీలు సింకు చుట్టూ నీళ్లు దిగి కింద అలమరలో బియ్యం డబ్బా తడుస్తోంది. ప్లైవుడ్ మీద మైకా అతికించిన కౌంటర్, సింకు అంచు దగ్గర నల్లబడింది. కొత్త సింకు తెచ్చాను, ఇళ్లలో వాడేదే, పాతదానికన్నా రెండు అంగుళాలు లోతు ఎక్కువ. పక్క బోటాయన "5200 జిగురు పెట్టేయ్, ఇక జన్మలో కారదు" అంటున్నాడు. షాపులో సిలికాన్ చాలన్నారు. ఏది పెట్టాలి?

జవాబు: ఏ ట్యూబు కొనాలన్నది ఆఖర్న చూసుకునే సంగతండి. అంచు నల్లబడింది అని మధ్యలో ఒక ముక్క రాశారు చూడండి, అసలు జబ్బు అక్కడుంది. సింకు స్టీలుది, దానికేం కాదు. సింకు కోసం కోసినప్పుడు బయటపడిన ప్లైవుడ్ అంచు మాత్రం నీళ్లు తాగుతుంది, తాగి ఉబ్బుతుంది, ఉబ్బితే పైనున్న సీలెంట్ పట్టు వదిలేస్తుంది, దాంతో ఇంకా ఎక్కువ నీళ్లు దిగుతాయి. ఆ అంచుని అలాగే ఉంచి పైన ఎంత ఖరీదైన ట్యూబు పెట్టినా ఏడాదో రెండేళ్లో ఆగుతుంది, అంతే.

పాత సింకు తియ్యాలి కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం. ముందుగా సీకాక్ మూసెయ్యండి, అంటే సింకు నీళ్లు బోటు అడుగు నుంచి బయటికి పోయే కన్నానికి ఉండే వాల్వు. అది మూయకుండా హోస్ పైపు ఊడదీస్తే సముద్రం లోపలికి వచ్చేస్తుంది, ఇందులో అతిశయోక్తి లేదు, ఒకటిన్నర అంగుళం కన్నం లోంచి వచ్చే నీటిని మీ బిల్జి పంపు, అంటే బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది, తోడలేకపోవచ్చు. వాల్వు బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చెయ్యొద్దు, ఈ పని ఇక్కడే ఆపి, బోటుని ఈసారి ఒడ్డుకి ఎక్కించినప్పుడు ముందు ఆ వాల్వు మార్పించండి. వాల్వు విరిగితే కన్నంలో కొట్టడానికి, ఒక చివర సన్నగా చెక్కిన కొయ్య బిరడా ఒకటి వాల్వుకి తాడుతో కట్టి ఉంచడం బోట్లలో పాత అలవాటు, మీ బోటులో లేకపోతే ఇవాళే కట్టండి.

మూసే ముందు ఒక్క పని చేసుకోండి. వాల్వు తెరిచి ఉండగానే సింకు కన్నంలోంచి టార్చి వేసి చూస్తే పైపులో నీళ్లు ఎంతవరకు నిలబడ్డాయో కనిపిస్తుంది. బయట నీటి మట్టం ఎంతో పైపులో నీరు అక్కడే నిలుస్తుంది. ఆ ఎత్తుకి అలమర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసుకోండి. మీ కొత్త సింకు రెండంగుళాలు లోతు ఎక్కువ అన్నారు కదా, దాని అడుగు ఈ గీతకి ఎంత పైన ఉంటుందో కొలవండి. అడుగు గీతకి బాగా దగ్గరపడితే నీళ్లు నెమ్మదిగా పోతాయి, గీతకన్నా కిందకి దిగితే అసలు పోవు, పైగా సముద్రం నీళ్లే సింకులోకి వస్తాయి. గాలికి బోటు ఒక పక్కకి ఒరిగినప్పుడు ఇంకా కష్టం, సింకు బోటు నడిమధ్యలో కాకుండా పక్కగా ఉంటే, ఆ పక్కకి ఒరిగినప్పుడు సింకు నీటిమట్టం కిందకి పోతుంది. లోతు సింకు బోటుకి మంచిదే, ఊగినప్పుడు గిన్నెలూ నీళ్లూ బయటికి దూకవు, కానీ మీ కొలతలు ఒప్పుకోకపోతే ఆ సింకు వెనక్కిచ్చేసి మరొకటి తెచ్చుకోండి. ఈ కొలత తీసుకునేదాకా కౌంటర్ మీద రంపం పెట్టొద్దు.

పాత సింకు కింద క్లిప్పులు వదులు చేసి, అంచు కింద పల్చటి పుట్టీ బ్లేడు పెట్టి చుట్టూ కోసుకుంటూ రండి. మొండిగా ఉంటే హీట్ గన్‌తో కాస్త వేడి చూపిస్తే పాత సీలెంట్ మెత్తబడుతుంది, అతిగా వేడి చేస్తే మైకా పొంగుతుంది జాగ్రత్త. సింకు బయటికొచ్చాక స్క్రూడ్రైవర్ మొనతో చెక్క అంచుని చుట్టూ పొడిచి చూడండి. గట్టిగా ఉండి రంగు మాత్రమే మారితే అదృష్టం. మొన దిగబడితే, దిగినంత మేరా చెక్క చచ్చిపోయినట్టే, దాన్ని గీకి తీసెయ్యాలి. ఎంత తీశాక గట్టి చెక్క తగిలిందో కొలిచి, కొత్త సింకు అంచు దాన్ని కప్పుతుందో లేదో చూసుకోండి. సింకు పెదవి కప్పేది సాధారణంగా ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లే. అంతకు మించి కుళ్లితే అతుకులు వెయ్యకండి, కౌంటర్ పలకే మార్చెయ్యండి, చిన్న గ్యాలీ కాబట్టి పలక కూడా చిన్నదే.

ఇక ఎండబెట్టడం. ఇక్కడే అందరూ తొందరపడతారు. తర్వాత ఈ అంచుకి ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, పూయాలి, తడి చెక్క మీద అది పట్టదు. చిన్న ఫ్యాను పెట్టి కొన్ని రోజులు వదిలెయ్యండి. మీ ఊళ్లో జులై నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా వానలు తక్కువ, ఈ పని అప్పుడే పెట్టుకోవడం మంచిది. చలికాలంలో ఎపాక్సీ గట్టిపడటానికి కూడా చాలా ఆలస్యమవుతుంది. చెక్క పూర్తిగా ఎండాక పల్చటి ఎపాక్సీ బ్రష్‌తో అంచుకి పట్టించండి, మొదటి పూతని చెక్క గటగటా తాగేస్తుంది, అది ఇంకా జిగటగా ఉండగానే రెండోది, ఆ తర్వాత మూడోది. గీకేసిన గుంటలుంటే ఎపాక్సీలో ఫిల్లర్ పొడి కలిపి ముద్దలా చేసి నింపండి. కౌంటర్ అడుగు వైపు కూడా కన్నం చుట్టూ రెండు మూడు అంగుళాల మేర పూత వెయ్యండి, పైనుంచి ఎప్పుడైనా ఒక చుక్క దిగినా కింద చెక్క దాన్ని పీల్చదు. నా లెక్కలో ఈ పనిలో సగం శ్రద్ధ ఈ మూడు పూతల మీదే పెట్టాలి. తర్వాత ఎప్పుడైనా సీలెంట్ కారినా, మీకు పోయేది ఒక ట్యూబు డబ్బులే.

కన్నం పెద్దది చెయ్యాల్సి వస్తే మైకా మీద మాస్కింగ్ టేప్ అంటించి, టేప్ మీద గీత గీసి, మూలల్లో ముందు డ్రిల్లుతో కన్నాలు వేసి, సన్న పళ్ల బ్లేడుతో జిగ్‌సా నడపండి. గ్యాస్ స్టవ్ ఉంటే సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేసి మొదలుపెట్టండి, ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే బోటు అడుగున చేరి కూర్చుంటుంది. కోసేటప్పుడు లేచే దుమ్ము పీల్చొద్దు, మాస్క్ పెట్టుకోండి.

ఇళ్ల సింకుతో ఇంకో చిక్కుంది. దాని క్లిప్పులు మూడు నాలుగు సెంటీమీటర్ల మందం ఉండే ప్లాట్‌ఫాంకి చేసినవి. మీ కౌంటర్ మందం బహుశా 12 మిల్లీమీటర్లో 18 మిల్లీమీటర్లో ఉంటుంది. క్లిప్పు మర చివరిదాకా తిప్పినా పట్టు దొరకదు. కన్నం చుట్టూ అడుగున చెక్క బద్దీలు ఎపాక్సీతో అతికించండి, క్లిప్పులకి పట్టు దొరుకుతుంది, కౌంటర్ కూడా గట్టిపడుతుంది.

ఇప్పుడు ట్యూబు సంగతి. 5200 అనేది పాలీయురథేన్ జిగురు, నీళ్లని ఆపడమొక్కటే కాదు, రెండు వస్తువుల్ని శాశ్వతంగా అతికించడానికి చేసింది. కారదు అన్న మాట నిజమే, మీ పక్కాయన తప్పు చెప్పలేదు. కానీ ఎప్పుడో ఒకరోజు ఈ సింకు కూడా తియ్యాల్సి వస్తుంది, అప్పుడు సింకుతో పాటు మైకా, దాని కింద ప్లైవుడ్ పొర కూడా లేచి వస్తాయి. సింకుకి అది వద్దే వద్దు. సిలికాన్ స్టీలుకీ మైకాకీ బాగానే పట్టుకుంటుంది, సాగుతుంది, తియ్యడం తేలిక. దాని లోపం ఏమిటంటే తీసేశాక కూడా కంటికి కనపడని పల్చటి పొర వదిలిపోతుంది, దాని మీద పెయింటు పట్టదు, వార్నిష్ పట్టదు, వేరే సీలెంట్లు కూడా సరిగా పట్టవు. పక్కనే టేకు పట్టీలకి వార్నిష్ వేసుకునే బోటులో అది పెద్ద తలనొప్పి. బ్యుటైల్ టేప్, అంటే జిగట రబ్బరు పట్టీ, డెక్ మీద బిగించే సామానుకి చాలా మంచిది, ఎప్పటికీ గట్టిపడదు, కానీ సింకు దగ్గర నూనె, వేడి గిన్నెలు, గిన్నెలు తోమే పీచు ఇవన్నీ తగిలి అంచు జిడ్డుగా నల్లగా తయారవుతుంది. నేనైతే ఎంఎస్ పాలిమర్ రకం సీలెంట్ తీసుకుంటాను. సాగుతుంది, ఘాటు వాసన రాదు, దాని మీద పెయింటు వేసుకోవచ్చు, కావాలంటే బ్లేడుతో కోసి తియ్యొచ్చు. అది దొరక్కపోతే న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్ వాడండి. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, ఆరేటప్పుడు ఆసిడ్ వదులుతుంది, కొన్ని లోహాలకి అది పడదు. పాలీసల్ఫైడ్ రకం ఇంట్లో ఉంది కదా అని వాడేవాళ్లు ప్లాస్టిక్ భాగాలకి తగలనివ్వకండి, కొన్ని ప్లాస్టిక్‌లని అది పాడుచేస్తుంది.

తుడవడానికి ఎసిటోన్ వాడి పూర్తిగా ఆరనివ్వండి. పాలీయురథేన్ రకాలు వాడేవాళ్లకి ఒక హెచ్చరిక, స్పిరిట్‌తో తుడవొద్దు, ఆల్కహాల్ మిగిలితే ఆ సీలెంట్ గట్టిపడకుండా ఆగిపోతుంది. ముందు సీలెంట్ లేకుండా సింకు దించి చూసుకోండి, సరిగా కూర్చుంటే దాని అంచు చుట్టూ కౌంటర్ మీద మాస్కింగ్ టేప్ వెయ్యండి. సింకు తీసి, కన్నం చుట్టూ ఎక్కడా తెగకుండా ఒకే ధారగా సీలెంట్ పెట్టి, తిన్నగా దించి, క్లిప్పుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. చుట్టూ సన్నగా పొంగితే చాలు, ఆపెయ్యండి. ఇంకా బిగిస్తే మధ్యలో ఉండాల్సిన సీలెంట్ అంతా బయటికొచ్చేసి, స్టీలూ మైకా ఒకదానికొకటి ఆనుకుంటాయి, అక్కడ కారుతుంది. పొంగింది వేలితో సర్ది, సీలెంట్ తడిగా ఉండగానే టేప్ లాగెయ్యండి.

సింకు అడుగున వేస్ట్ కప్లింగ్‌కి, అంటే నీళ్లు పోయే కన్నానికి బిగించే ముక్కకి, పైన సీలెంట్, కింద రబ్బరు వాషర్. హోస్‌కి కిందా పైనా రెండేసి క్లిప్పులు, స్క్రూతో సహా 316 గ్రేడు స్టీలువి (ఉప్పునీటిని బాగా తట్టుకునే రకం), అయస్కాంతం పెడితే గట్టిగా అంటుకునేవి కొనకండి. సీలెంట్ పూర్తిగా ఆరాక సింకు నింపి, అడుగున చుట్టూ పొడి టిష్యూ కాగితాలు పరిచి గంట ఆగండి, చెయ్యికి తెలియని చెమ్మ కాగితం మీద కనిపిస్తుంది. తర్వాత ప్లగ్ తీసి నీళ్లన్నీ ఒకేసారి వదిలి మళ్లీ చూడండి, కప్లింగ్ దగ్గర లీకు అప్పుడే బయటపడుతుంది.

మీ సింకు 304 గ్రేడు అయితే కంగారు పడక్కర్లేదు, మంచినీళ్లు వాడేవాళ్లకి అది సరిపోతుంది. సముద్రపు నీటితో గిన్నెలు తోమేటట్లయితే మాత్రం 316 మేలు.

ప్రశ్న: విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మాకు మెకనైజ్డ్ బోటు ఉంది, చెక్క బోటు. వీల్‌హౌస్ వెనక వంట చేసే చోట స్టీలు సింకు, చుట్టూ తెల్ల సిమెంటు పెట్టించాం. ఏటా వేటకి వెళ్లిన కొన్నాళ్లకే పగిలిపోతోంది. కింద పలక మెత్తబడింది. ఈసారి వేట నిషేధం బ్యాన్‌లో బాగుచేయించాలి. మళ్లీ పగలకుండా ఏం చెయ్యాలి సార్?

జవాబు: తెల్ల సిమెంటు ఇంట్లో గ్రానైట్ ప్లాట్‌ఫాంకి సరిపోతుంది, ఎందుకంటే ఇల్లు కదలదు. మీ బోటులో ఇంజను నడుస్తున్నంతసేపూ పలకలు అదురుతాయి, కెరటం తగిలినప్పుడల్లా బోటు మొత్తం కొంచెం మెలి తిరుగుతుంది. సిమెంటు సాగదు కాబట్టి పగిలి తీరుతుంది. మేస్త్రి పని తప్పని అతన్ని తిట్టకండి, అక్కడ ఎవరు పెట్టినా సిమెంటు పగిలేదే. సాగే సీలెంటే పెట్టాలి. పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో భవనాల జాయింట్లకి వాడే పాలీయురథేన్ సీలెంట్లు దొరుకుతాయి, మీ చెక్కకి అది సరిపోతుంది. పైన సియాటెల్ వారికి 5200 వద్దన్నాను కదా, వాళ్లది మైకా, లేచిపోతుంది, అదీకాక అది మరీ గట్టి జిగురు. మీరు కొనే ట్యూబు మీద జిగురు అని కాకుండా జాయింట్ సీలెంట్ అని ఉండేది తీసుకోండి.

మీకున్న పెద్ద సౌకర్యం ఆ బ్యాన్ సమయమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది, ఎండలు కూడా అప్పుడే. చాలామంది ఇంజను, వల, రంగు పనులన్నీ అయ్యాక జూన్ రెండో వారంలో సింకు గుర్తొచ్చి తడి చెక్క మీదే ఏదో ఒకటి రాసేస్తారు. మీరు తలకిందులు చెయ్యండి. ఏప్రిల్‌లో బోటు కట్టేసిన వెంటనే సింకు ఊడదీయించండి, సిమెంటంతా చెక్కేసి ఆ చోటు తెరిచి వదిలెయ్యండి. మే నెలంతా ఎండుతుంది. మెత్తబడిన పలకని మేస్త్రి మిగతా పలకల పనితో పాటే మార్చేస్తాడు, కొత్త పలక కూడా బాగా ఎండిన కర్రే కావాలని గట్టిగా చెప్పండి. కోసిన అంచులకి ఎపాక్సీ పూతలు, తర్వాత జూన్ మొదటి వారంలోపు సీలెంట్. ఈ సీలెంట్ గాల్లో తేమతోనే గట్టిపడుతుంది, వైజాగ్ గాలికి దానికేం లోటు లేదు, కానీ పెట్టేటప్పుడు చెక్క మాత్రం పొడిగా ఉండాలి.

ఇంకోటి, చెక్క మళ్లీ సముద్రంలోకి వెళ్లాక తేమకి ఉబ్బుతుంది. అందుకని కన్నాన్ని సింకుకి మరీ బిగుతుగా కోయించొద్దు, చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచి అది సీలెంట్‌తో నింపాలి.

నీళ్లు ఎటు పోతున్నాయో రాయలేదు మీరు. సింకు పైపు డెక్ కిందకి వదిలేసి ఉంటే దాన్ని తప్పకుండా మార్చండి. అన్నం మెతుకులు, కరివేపాకు, చేప పొలుసు బిల్జిలో చేరితే కంపు సంగతి అటుంచి, పంపు నోరు మూసుకుపోతుంది, నీళ్లు తోడాల్సిన రోజున అది పనిచెయ్యకపోతే లోపలున్న కళాసీల ప్రాణాల మీదకొస్తుంది. పైపుని పక్క గోడలోంచి, నిండు లోడుతో ఉన్నప్పుడు కూడా నీటిమట్టానికి బాగా పైన ఉండేటట్టు బయటికి తియ్యండి. లోపల ముడతలు లేని నున్నటి హోస్ వాడండి, ముడతల పైపులో మెతుకులు ఇరుక్కుంటాయి. సింకులో స్టీలు జల్లెడ ఒకటి, వంట చేసే అబ్బాయికి అది రోజూ దులపమని ఒక మాట. అక్కడ రంపం, డ్రిల్లు పెట్టే ముందు గ్యాస్ సిలిండర్‌ని జెట్టీ మీదకి దింపించండి.

ప్రశ్న: మేము బర్మింగ్‌హామ్‌లో కాలువ మీద నారోబోట్‌లో ఉంటాం. స్టీలు సింకు తీసేసి తెల్ల పింగాణీ బెల్‌ఫాస్ట్ సింకు, ఓక్ చెక్క వర్క్‌టాప్ పెట్టించాలని మా ఆవిడ కోరిక. పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, ఆ గదికి అందం కూడా వస్తుంది. బరువు గురించి మాత్రం ముందే ఆలోచించుకోండి. ఆ సింకు చాలా బరువు, వర్క్‌టాప్‌కి వేలాడదీయడం కుదరదు, అడుగు నుంచి చెక్క ఫ్రేము కట్టి దాని మీద కూర్చోబెట్టాలి. నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే, ఒక పక్క అంత బరువు పెడితే బోటు ఆ పక్కకి ఒరుగుతుంది, అడుగున ఉన్న బ్యాలస్ట్ (బోటు నిలకడకి పెట్టే బరువులు) కొంత రెండో పక్కకి జరపాల్సి రావచ్చు. ఒరిగితే పక్కగోడలో ఉన్న సింకు కన్నం కూడా నీటికి దగ్గరవుతుంది. ఆ కన్నాలు నీటికి కనీసం పది అంగుళాల పైన ఉండాలని నారోబోట్ల వాళ్లు చెబుతారు, సింకు పెట్టాక మళ్లీ కొలవండి.

ఓక్ విషయంలో, ఘనమైన చెక్క ప్లైవుడ్‌లా ఉండదు, చలికాలం స్టవ్ వేడికి అడ్డంగా ముడుచుకుంటుంది, తడి వాతావరణంలో వెడల్పవుతుంది. సింకుకీ దానికీ మధ్య సీలెంట్ అందుకే మందంగా ఉండాలి, న్యూట్రల్ క్యూర్ సిలికాన్ ఇక్కడ బాగుంటుంది. వర్క్‌టాప్ పైన నూనె పూత అందరూ వేస్తారు, అడుగువైపు వదిలేస్తారు, అక్కడే సింకు ఆవిరి తగిలి నల్లబడుతుంది. బిగించక ముందే అడుగుకీ కోసిన అంచులకీ కూడా పూత వెయ్యండి. సీలెంట్ తగలాల్సిన చోట మాత్రం నూనె బాగా ఆరిందాకా ఆగాలి, జిడ్డు మీద ఏదీ పట్టదు.

ప్రశ్న: రాజమండ్రిలో మాది చిన్న టూరిస్టు లాంచీ. సింకు పక్కన సన్నగా కారుతోంది. ఎం-సీల్ పెట్టి మూసెయ్యొచ్చా?

జవాబు: ఎం-సీల్ మంచి వస్తువే కానీ రాయిలా గట్టిపడుతుంది, ఇంజను అదురుకి అంచు దగ్గర పగుళ్లిస్తుంది. పైగా తర్వాత సరైన సీలెంట్ పెట్టాలంటే దాన్ని ఉలితో చెక్కాల్సి వస్తుంది. ఇనుప పైపుకి కన్నం పడితే వాడుకోండి, సింకు అంచుకి వద్దు. సన్నగా కారుతోందన్నారు కాబట్టి ముందు ఎక్కణ్ణుంచో తేల్చుకోండి. సింకు చుట్టూ పొడిగా తుడిచి, కన్నం మూసి నింపి, అడుగున కాగితం పెట్టి చూడండి. అప్పుడు కారకుండా, నీళ్లు వదిలినప్పుడే కారితే అది కప్లింగ్ దగ్గర వాషర్, కొత్తది కొద్ది రూపాయల్లో వస్తుంది, పదిహేను నిమిషాల పని. రెండూ కాకపోతే కుళాయి అడుగు కూడా చూడండి, కుళాయి బిగించిన కన్నంలోంచి దిగిన నీళ్లు సింకు అంచు వెంట పారి వేరే చోట చుక్కలు పడుతుంటాయి.